మా వీధిలో అందరూ చదివిన పుస్తకం

రోజు 5,408. పొరపాట్లు: ఒకటి.

పొద్దున పాలు పొంగుతుంటే మసిగుడ్డ కోసం చూడకుండా గిన్నెను ఉత్త చేతులతో దించాను. వంటింటి కిటికీ తెరిచే ఉంది. బయట ఎవరూ కనిపించలేదు. అయినా రాయాలి. ఇక్కడికి వచ్చిన మొదటి రోజే మా పెద్దలు పెట్టిన నియమం ఇది. మనుషుల ముందు ఆ రోజు ఎక్కడ తప్పు చేశామో, రేపు దాన్ని ఎలా దిద్దుకుంటామో ప్రతి ఇంట్లోనూ ఒక పుస్తకంలో రాసుకోవాలి. మా భాషకు లిపి లేదు కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను.

కాలే గిన్నె నాకు కాలదు. అది వేడిగా ఉందో చల్లగా ఉందో ముట్టుకుంటే కూడా తెలియదు. చెమట పట్టదు. బజారుకు వెళ్ళే ముందు జాకెట్టు మీద నీళ్ళు చల్లుకుంటాను. అరగంట నిలబడాలంటే ఎంత తడపాలో, గంటకు ఎంతో మొదటి ఏడాదే కొలత కట్టుకున్నాను. నా పేరు కూడా ఒక పొరపాటే. మాకిచ్చిన జాబితా అరవై ఏళ్ళ కిందటిది. అందులోంచి నేను రత్నమాణిక్యం అని, మా ఆయన భద్రాచలం అని పెట్టుకున్నాం. నా వయసు ఆడవాళ్ళకు ఇలాంటి పేరు ఎక్కడా లేదని తెలిసేసరికి రేషను కార్డు వచ్చేసింది.

తొమ్మిదిన్నరకు ఎండ సైరన్ మోగింది. వీధిలో కిటికీల ఇనుప రెక్కలన్నీ వరసగా పడ్డాయి. ఇక సాయంత్రం ఐదు దాకా బయట మనిషి ఉండడు. ఉంటే పావుగంట బతకడు.

మా అమ్మాయి చేతనకు పదమూడేళ్ళు. ఇక్కడే పుట్టింది. కానీ దాని చేతులు కూడా నా చేతుల్లాంటివే. బడిలో ఇంటికొకటి చొప్పున ఊరికే ఇచ్చారని ఒక నవల తెచ్చుకుంది. పేరు ‘ఆరో నంబరు ఇల్లు’. పిల్లల నవల. వేరే లోకం వాళ్ళు, వాళ్ళ పేరు చాటుమనుషులట, ఒక వీధిలో దాక్కుని ఉంటారట, మిన్ను అనే అమ్మాయి వాళ్ళని కనిపెడుతుందట. చేతన బోర్లా పడుకుని కాళ్ళు ఊపుతూ, పకపకా నవ్వుతూ చదివింది. కాసేపటికి కాళ్ళు ఆగిపోయాయి.

“అమ్మా, నలభై ఒకటో పేజీ చదువు.”

నేను బియ్యం ఏరుతున్నాను. “తర్వాత చదువుతాలేవే.”

“ఇప్పుడే చదువమ్మా.”

చదివాను. పక్కింటావిడ బజారుకు బయలుదేరే ముందు చెంబుతో నీళ్ళు తీసుకుని జాకెట్టు తడుపుకోవడం మిన్ను కిటికీలోంచి చూస్తుంది.

రోజు 5,410. పొరపాట్లు: లేవు.

నవల మొత్తం రెండుసార్లు చదివి లెక్క తీశాను. వాళ్ళని గుర్తుపట్టే ఆనవాళ్ళు ఇరవై మూడు ఉన్నాయి. పద్నాలుగు ఉత్త కల్పన. మా నీడ ఎదురువైపు పడుతుందట, మేము సబ్బు తింటామట, చీకట్లో మా చెవులు వెలుగుతాయట. అవి చదివేటప్పుడు కాస్త ఊపిరి ఆడింది. మిగిలిన తొమ్మిదీ నిజం. చేయి కాలినట్టు నటిస్తూ, గిన్నెను ముట్టుకోకముందే వేళ్ళు ఊదుకోవడం కూడా ఉంది. అది ఈ ఊళ్ళో నేను మూడుసార్లు చేసిన తప్పు.

మా ఆయన ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తారు. మాకు చలి పడదు. మావాళ్ళు ఉంటారని ఎవరూ అనుకోని చోటు కాబట్టే ఆ పని ఎంచుకున్నారు. రోజూ వేళ్ళు వాచి ఇంటికి వస్తారు. ఆ వేళ్ళతోనే పేజీలు తిప్పి చూశారు.

“రాసినవాళ్ళకి తెలుసు మాణిక్యం.”

“తెలిస్తే వచ్చి పట్టుకోక, కథలు రాస్తూ కూర్చుంటారా అండీ?”

“ఎవరని పట్టుకుంటారు? అలవాట్లు తెలిశాయి గానీ, ఇళ్ళు తెలియవుగా.”

పోయిన ఏడాది రేవులపాలెంలో మావాళ్ళ ఇల్లు ఒకటి పట్టుబడింది. భార్య, భర్త, ఇద్దరు పిల్లలు. బండి ఎక్కించి తీసుకుపోయారు. తర్వాత ఏ కబురూ లేదు. వాళ్ళింట్లోనూ ఇలాంటి పుస్తకం ఉండే ఉంటుంది. ఆవిడ కూడా నాలాగే రోజూ రాసి ఉంటుంది. ఆ తొమ్మిది ఎక్కడి నుంచి వచ్చాయో ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

“నువ్వు రాసే ఈ పుస్తకాన్ని కాల్చెయ్,” అన్నారు.

“ఇది రాయకపోతే నేను రోజుకు పది తప్పులు చేస్తానండీ.”

మా నియమం ఇంకొకటి ఉంది. మనం ఎవరమో ఒక్క మనిషికి తెలిసినా సరే, ఆ రోజే ఊరు విడిచిపోవాలి. తెలియనంత వరకు కదలకూడదు. కారణం లేకుండా ఖాళీ అయిన ఇల్లు కూడా ఒక ఆనవాలే.

రోజు 5,415. పొరపాట్లు: ఒకటి.

నవలలో ఉన్న ఆ తొమ్మిదింటినీ వరసగా మానేస్తున్నాం. జాకెట్టు తడుపుకోవడం ఇప్పుడు స్నానాల గదిలో తలుపు గడియ పెట్టుకుని చేస్తున్నాను. మసిగుడ్డలు రెండు కొత్తవి కుట్టి కిటికీకి ఎదురుగా వేలాడదీశాను. చేతన ఎండలోంచి ఇంట్లోకి రాగానే ఫ్యాను కింద కూలబడి “అబ్బా, అబ్బా” అనాలని చెప్పాను.

పక్కింటి మంగతాయారు తోడుకు వచ్చింది. వాళ్ళాయన నీళ్ళ రైలు మీద పనిచేస్తాడు, శనివారాలే వస్తాడు. పిల్లలు లేరు. పన్నెండేళ్ళుగా పెరుగు తోడు మా ఇంట్లోంచే తీసుకెళుతుంది, సొంతంగా ఎప్పుడూ దాచుకోదు.

“ఏంటొదినా, పుస్తకం అయిపోయిందా? నేనైతే రెండుసార్లు చదివా. ఆ పిల్ల మిన్ను నాకంటే పెద్ద గూఢచారి.”

తర్వాత ఇద్దరం కుళాయికి వెళ్ళాం. బిందెలు వరసలో ఉన్నాయి. మంగతాయారు చెంబు ముంచి తన జాకెట్టు మీద ధారగా పోసుకుంది.

“చూడండర్రా, నేనే చాటుమనిషిని! పట్టుకోండి నన్ను!”

ఆడవాళ్ళంతా విరగబడి నవ్వారు. మూడో ఇంటి సుందరమ్మగారు కూడా కొంగు తడిపి పిండుకుంటూ, “నేనూ, నేనూ” అంది. పిల్లలు ఇడ్లీ పళ్ళాలు ఉత్త చేతుల్తో తీసి వేళ్ళు కాల్చుకుని ఏడుస్తున్నారట. అది చెప్పుకుని మళ్ళీ నవ్వారు.

“నువ్వేంటొదినా నవ్వవు? కొంపదీసి నువ్వేనా ఏంటి?” అంది మంగతాయారు.

నవ్వాను. ఆలస్యంగా నవ్వాను. ఇవాళ్టి పొరపాటు అదే.

రోజు 5,419. పొరపాట్లు: పదకొండు రోజులవి కలిపి లెక్కపెట్టాలి.

నవల వెనక ఒక కాగితం కుట్టి ఉంది. చదివాక పూరించి బడికి ఇవ్వాలి. మీ పిల్లలకు ఏ పాత్ర నచ్చింది, ఏ పేజీలో నవ్వు వచ్చింది, అలాంటివి. నాలుగో ప్రశ్న ఇది: ‘ఈ పుస్తకం చదివాక మీ ఇంట్లో ఏ అలవాటు మారింది?’

కలం పట్టుకుని అరగంట కూర్చున్నాను. అప్పుడు అర్థమైంది.

మా వీధిలో పందొమ్మిది ఇళ్ళు. పద్దెనిమిది ఇళ్ళవాళ్ళు పుస్తకం చదివి, అందులో ఉన్నవన్నీ చేయడం మొదలుపెట్టారు. జాకెట్లు తడుపుకుంటున్నారు, వేడి గిన్నెలు పట్టుకుని కేకలు పెడుతున్నారు, ముట్టుకోకముందే వేళ్ళు ఊదుకుని వెక్కిరించుకుంటున్నారు. ఒక్క ఇల్లే అవన్నీ చేయడం మానేసింది. తప్పు కనిపిస్తే దిద్దుకునే ఇల్లు అదొక్కటే. ఈ పుస్తకం మమ్మల్ని కనిపెట్టడానికి రాసింది కాదు. మా అంతట మేమే పక్కకు జరిగి నిలబడేలా చేయడానికి రాసింది.

సాయంత్రం కాగితాలు తీసుకోవడానికి ప్రిసిల్లా టీచర్ వచ్చారు. మంచినీళ్ళు ఇచ్చాను. వంటింటి వైపు చూశారు.

“కొత్త మసిగుడ్డలా? బాగున్నాయి.”

“పాతవి చిరిగిపోయాయండీ.”

“వచ్చే వారం ఆదివారం పుస్తకాల పండగ. పిల్లల నాటకం ఉంది. చేతన వేయనంది. బళ్ళో తనొక్కతే వేయనంది.”

“దానికి సిగ్గండీ.”

“ఇంతకుముందు లేదే?” అని నవ్వారు. “వీధిలో ఆడవాళ్ళకీ ఒక ఆట పెట్టాం. పొయ్యి మీద గిన్నెను ఉత్త చేతుల్తో దించి, చాటుమనిషిలాగా నవ్వుతూ పది అడుగులు నడవాలి. చల్లటి గిన్నేలెండి. మీరైనా వస్తారుగా?”

“వస్తానండీ,” అన్నాను.

ఆవిడ కాగితం మీద ఏదో రాసుకున్నారు. చిన్న మాట. ఏమిటో కనిపించలేదు.

రోజు 5,424. పొరపాట్లు: రెండు.

సైరన్ తర్వాత కిటికీలు మూసి రోజూ అభ్యాసం చేస్తున్నాం. నాలా నటించే మనిషిలా నేను నటించాలి. చేతన, మా ఆయన మంచం మీద కూర్చుని చూస్తారు. గిన్నె దించాను, పది అడుగులు నడిచాను, బల్ల మీద పెట్టాను.

“అమ్మా, మరీ బాగా చేస్తున్నావ్. కాస్త చెడగొట్టు.”

“ఎలా చెడగొట్టనే?”

“మంగత్తలా చెయ్యి. కళ్ళు పెద్దవి చేసి, నడుం తిప్పి.”

నడుం తిప్పాను. చేతన పొట్ట పట్టుకుని నవ్వింది. పదహారు రోజుల తర్వాత నవ్వింది. మా ఆయన నవ్వలేదు.

“గిన్నె చల్లగా ఉంటుందని వాళ్ళంటున్నారు,” అన్నారు. “ఉండకపోతే?”

అది తెలుసుకునే దారి మాకు లేదు. నవ్వుతూ నడిచినప్పుడు గిన్నె కాలుతూ ఉంటే, పది అడుగుల్లో మా బతుకు అయిపోతుంది. కేక పెట్టి వదిలేశానే అనుకుందాం. తర్వాత చేతులు చూపించమంటారు. నా చేతులు బొబ్బలెక్కవు. వెళ్ళకపోతే, రానిది మా ఇల్లొక్కటే అవుతుంది.

రోజు 5,427. ఆదివారం.

తెల్లవారుజామునే ఆట మొదలుపెట్టారు, సైరన్ మోగేలోపల అయిపోవాలని. బడి ఆవరణలో వీధివాళ్ళంతా కూర్చున్నారు. మంట లేని పొయ్యి ఒకటి పెట్టారు. పక్కన బల్ల మీద వరసగా గిన్నెలు ఉన్నాయి. ప్రిసిల్లా టీచర్ మసిగుడ్డతో ఒక్కో గిన్నె పట్టుకొచ్చి పొయ్యి మీద పెడుతున్నారు. గుడ్డ కూడా నాటకంలో భాగమే అన్నారు. ఒక్కో ఆవిడా వచ్చి దించి, వంకర్లు తిరుగుతూ నడుస్తోంది. చప్పట్లే చప్పట్లు.

నాది ఎనిమిదో వంతు. నా వెనక మంగతాయారు. ఏడో ఆవిడ గిన్నె పెట్టేసి కూర్చుంది. టీచర్ లోపలికి వెళ్ళారు. కాసేపటికి గిన్నెతో వచ్చి పొయ్యి మీద పెట్టారు. అది మిగతావాటిలాంటిదే. ఆవిరి లేదు, మూత ఉంది.

చేతన రెండో వరసలో ఉంది. దాని రెండు చేతులూ ఒళ్ళో బిగుసుకుపోయి ఉన్నాయి. టీచర్ గిన్నెను చూడటం లేదు. నా మొహం చూస్తున్నారు.

ఒక అడుగు వేశాను. రెండు. చేతులు చాచాను. మనుషులైతే దగ్గరికి వెళ్ళేసరికే వేడి తెలుస్తుందట. నాకు గాలి మాత్రమే తెలిసింది.

“ఆగొదినా! ముందు నేను!”

మంగతాయారు నన్ను భుజంతో నెట్టి ముందుకు దూకింది. గిన్నెను రెండు చేతుల్తో పట్టుకుంది. ఎత్తింది కూడా. ఆమె అరిచిన అరుపు లాంటిది నేను ఇంతవరకు ఏ మనిషి గొంతులోనూ వినలేదు. గిన్నె కింద పడింది. అరచేతుల మీద చర్మం తెల్లగా లేచిపోయింది.

“హాస్టల్ వంటింట్లో గిన్నె కలిసిపోయింది,” అన్నారు ప్రిసిల్లా టీచర్. మొహం పాలిపోయింది. అది నిజంగా పొరపాటేనేమో. నాకు తెలియదు.

రోజు 5,428.

ఇది ఊరికి పద్నాలుగు కిలోమీటర్ల అవతల, పాత టోల్ గేటు గోడ పక్కన కూర్చుని రాస్తున్నాను. మధ్యాహ్నం రెండు. కనుచూపు మేర ఒక్క ప్రాణి లేదు. ఐదు లోపల ఇంకో పన్నెండు కిలోమీటర్లు నడవాలి. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున ఏడింటికి పెరుగన్నం కలుపుకుని మంగతాయారు ఇంటికి వెళ్ళాను. రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లు. గోడకు ఆనుకుని కూర్చుంది. రెండు ముద్దలు పెట్టానో లేదో, ప్రిసిల్లా టీచర్ వచ్చారు. చేతిలో కాగితాల అట్ట.

“ఎలా ఉందమ్మా?”

“కాలిందండీ, ఎలా ఉంటుంది,” అంది మంగతాయారు నోటి నిండా అన్నంతో.

“మీ వంతు కాకుండానే ఎందుకు ముందుకు వచ్చారు?”

నా చేతిలో ముద్ద ఆగిపోయింది.

“ప్రైజు స్టీలు డబ్బా అన్నారుగా. ఈవిడ నడుం తిప్పడం ఇంటి గోడలోంచి వినబడుతోంది టీచర్‌గారూ, వారం నుంచీ. ఈవిడ చేశాక ఇక నాకేం దక్కుతుందని దూకా.”

టీచర్ రాసుకున్నారు. లేచి గుమ్మం దాకా వెళ్ళి నా వైపు తిరిగారు.

“రత్నమాణిక్యంగారూ, ఆట మధ్యలో ఆగిపోయింది. వచ్చే ఆదివారం మళ్ళీ పెడుతున్నాం. మీ వంతు మిగిలే ఉంది. చేతన కూడా ఆడుతుందని పేరు రాసుకున్నాను.”

ఆవిడ చెప్పుల చప్పుడు వీధి చివర దాకా వినిపించింది. మంగతాయారు గొంతు తగ్గించింది.

“మిగతా గిన్నెలు బల్ల మీంచి తీసింది. నీది లోపల్నుంచి తెచ్చింది. ఆవిడ చేతిలో గుడ్డ రెండు మడతలు పెట్టి ఉందొదినా. ముందు ఏడింటికీ ఒక్క మడతే.”

“నీకు… ఎప్పటి నుంచి?”

“ఏడేళ్ళు. పెనం మీద అట్టు చేత్తో తిప్పుతున్నావ్. కిటికీలోంచి చూశా. ముందు భయపడ్డా. రెండ్రోజులు మీ ఇంటికి రాలేదు, గుర్తుందా? మూడో రోజు పాలు విరిగిపోతాయని వచ్చా.”

“ఎవరికైనా…”

“చెప్తే నాకు తోడెవరిస్తారు? మా ఆయనకి చెపితే రైలంతా చెప్పినట్టే.” కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవడానికి చేతులు లేవు. నా కొంగుతో తుడిచాను. “వెళ్ళిపోండొదినా. ఆదివారం దాకా ఉండకండి. పిల్లని ఆ పొయ్యి దగ్గరికి పంపకు.”

ఏడేళ్ళుగా ఒక మనిషికి తెలుసు. మా నియమం ప్రకారం ఏడేళ్ళ కిందటే మేము వెళ్ళిపోయి ఉండాలి.

ముద్ద మీద ముద్ద పెట్టాను. గిన్నె ఖాళీ అయింది. ఇంటికి వెళ్ళి ఇంకొంచెం కలుపుకొచ్చాను. ఆమె కడుపు నిండిందని తెలుస్తూనే ఉంది. వద్దనలేదు.

మూడో ఇంటి సుందరమ్మగారిని పిలిచి, మేము రెండు రోజులు పెళ్ళికి వెళుతున్నామని చెప్పాను. రాత్రి అన్నం ఆవిడ పెడుతుంది. కట్లు ఎప్పుడు మార్చాలో, ఏ మందు ఎంత రాయాలో గోడ మీద క్యాలెండరులో రాసి చూపించాను. శనివారం దాకా తేదీలు వేశాను. ఆ రోజు వాళ్ళాయన వస్తాడు.

సైరన్ మోగింది. రెక్కలు పడ్డాయి. ఇంకో పావుగంట ఆగి మేము తలుపు తీశాం. ఆ ఎండలో స్తంభాల మీది కెమెరాలు కూడా ఆగిపోతాయి. మనిషన్నవాడు మా వెంట రాలేడు. పదిహేనేళ్ళలో మేము సైరన్ మోగాక బయటికి రావడం ఇదే మొదటిసారి. అయినా ఏ ఒక్క రెక్క సందులోంచి ఎవరు చూసినా, ఆ ఎండలో నడిచేవాళ్ళు ఎవరో వేరే చెప్పక్కర్లేదు. చేతన నా కొంగు పట్టుకుంది. మూసిన కిటికీలన్నీ మా వైపే తిరిగి ఉన్నట్టు అనిపించింది.

వీధి మలుపు దగ్గర మా ఆయన అన్నారు. “వెళ్ళే ఊళ్ళోనూ ఈ పుస్తకం ఇచ్చే ఉంటారు.”

“ఇచ్చే ఉంటారు,” అన్నాను. అంటూ ఒక్కసారి వెనక్కి చూశాను.

మంగతాయారు కిటికీ తెరిచే ఉంది. అన్నం ఎవరు పెట్టాలో చెప్పాను, మందు ఎవరు రాయాలో చెప్పాను, కిటికీ ఎవరు మూయాలో చెప్పలేదు. కట్లున్న చేతుల్తో రెక్క గొలుసు లాగడం ఆమె వల్ల కాదు. సాయంత్రం దాకా ఆ గాలి లోపలికి కొడితే ఆమె బతకదు.

“మాణిక్యం, వద్దు. ఎదురింటి రెక్కకి సందుంది.”

“మీరిద్దరూ నడవండి. వస్తాను.”

పందొమ్మిది ఇళ్ళ ముందు నుంచి వెనక్కి నడిచాను. పరుగెత్తితే చప్పుడవుతుంది. మంగతాయారు కిటికీ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, గొలుసును పళ్ళతో పట్టుకుని లాగుతోంది. మొహం కందిపోయి, చెమట ధారలు కడుతోంది. నన్ను చూసి గొలుసు వదిలేసింది. నేను ఎర్రటి ఎండలో, నెత్తిన కొంగైనా లేకుండా నిలబడి ఉన్నాను. నా జాకెట్టు పొడిగా ఉంది. నటన లేకుండా నన్ను ఇంతవరకు ఏ మనిషీ చూడలేదు.

చాలాసేపు చూసింది.

“వేడిగా ఉందా ఒదినా?” అంది.

పదిహేనేళ్ళుగా ఆ ప్రశ్నకు నేను చెప్పే జవాబు ఒకటే. కొంగుతో మొహం విసురుకుంటూ, చంపేస్తోందమ్మా అంటాను.

“లేదు మంగా,” అన్నాను. “హాయిగా ఉంది.”

ఇనుప రెక్కను రెండు చేతుల్తో పట్టుకుని, శబ్దం రాకుండా నెమ్మదిగా కిందికి దించాను.